పని మధ్యలో కబురొస్తే

మధ్యాహ్నం రెండు గంటలయింది. తల్లి పనిలో ఉంది. బడి నుంచి ఫోను వచ్చింది.

"బాబుకు జ్వరం ఎక్కువగా ఉంది. వెంటనే వచ్చి తీసుకెళ్ళండి."

తల్లి గుండె గుభేలుమంది. ఇల్లు చాలా దూరం. ఆమె రోజూ ఎక్కే బస్సు సాయంత్రం ఐదింటికి గానీ రాదు. ఇప్పుడెలా వెళ్ళాలి?

ఇది ఏ ఒక్క ఊరి కష్టమో కాదు. పనికి వెళ్ళే తల్లులందరికీ ఈ దిగులు ఉంటుంది. ఈ దిగులు తీర్చడానికి అమెరికాలో ఒక ఏర్పాటు చేశారు. పని మధ్యలో అవసరం వస్తే ఉద్యోగిని ఇంటికి చేరుస్తారు. ఆ ఖర్చు ఉద్యోగి మీద పడదు.

ఎందుకు పెట్టారు?

అమెరికాలో చాలామందికి సొంత కార్లున్నాయి. ఒక్కో కారులో ఒక్కరే పనికి వెళతారు. పొద్దున్నే రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. పెట్రోలు దండగ. పొగతో గాలి పాడవుతుంది. అదే నలుగురు కలిసి ఒక కారులో వెళితే? మూడు కార్లు ఇంటి దగ్గరే ఉంటాయి. బస్సెక్కితే ఇంకా మేలు.

అమెరికాలో పడమటి వైపు సియాటిల్ నగరం ఉంది. అక్కడ తెలుగువాళ్ళు కూడా చాలామంది పనిచేస్తున్నారు. ఆ రాష్ట్రంలో 1991లో ఒక చట్టం వచ్చింది. రద్దీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, ఒకే చోట 100 మందికి పైగా పనిచేసే కంపెనీలకు అది వర్తిస్తుంది. ఉద్యోగులు ఒంటరిగా కారులో రావడం తగ్గేలా ఆ కంపెనీలు చూడాలి.

"బస్సులో రండి" అని చెప్పడం తేలికే. "మధ్యలో అవసరం వస్తే మా గతేంటి?" అన్న ప్రశ్న వస్తుంది. అందుకే చాలా కంపెనీలు ఒక మాట ఇచ్చాయి. "ఆ రోజు టాక్సీ ఖర్చు మాది" అన్నాయి.

ఎలా నడుస్తుంది?

అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టుపక్కల ఈ ఏర్పాటు 1997 నుంచి ఉంది. అక్కడ ప్రభుత్వ సంస్థలు కలిసి దీన్ని నడుపుతున్నాయి. ముందుగా పేరు రాయించుకోవాలి. వారానికి కనీసం రెండు రోజులు బస్సులోనో, రైలులోనో, నలుగురితో కలిసి కారులోనో పనికి రావాలి. నడిచి వచ్చినా, సైకిలు మీద వచ్చినా సరే. ఇలా ఏడాదికి నాలుగు సార్లు ఉచితంగా ఇంటికి చేరుస్తారు.

ఏ అవసరాలకు ఇస్తారు? ఉద్యోగికి ఒంట్లో బాగాలేకపోతే ఇస్తారు. ఇంట్లో వాళ్ళకు జబ్బు చేస్తే ఇస్తారు. అనుకోకుండా పొద్దుపోయే దాకా పనిచేయమంటే ఇస్తారు.

బజారు పనికి ఇవ్వరు. ముందే అనుకున్న డాక్టరు చూపుకు కూడా ఇవ్వరు.

ఖర్చు ఎక్కువ కాదా?

కాదు. పేరు రాయించుకున్న వాళ్ళలో చాలామందికి దీని అవసరమే రాదు. చంకలో గొడుగు ఉంటే వాన రాకపోయినా ధైర్యమే కదా! ఇదీ అంతే. ఆ ధైర్యంతోనే బస్సెక్కుతారు.

మన దగ్గర

మన ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళు కంపెనీ బస్సులో పనికి వెళతారు. షేర్ ఆటోలో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. షిఫ్టు అయిపోయాక బస్సు వస్తుంది. షిఫ్టు మధ్యలో అవసరం వస్తే? ఈ సంగతి పనిలో చేరిన రోజే అడగాలి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. పదిమంది కలిసి అడిగితే వింటారు.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. ఆడవాళ్ళను పనిచేసే చోట వేధించకుండా 2013లో మన దేశంలో ఒక చట్టం వచ్చింది. రానూపోనూ యజమాని పెట్టిన బండి కూడా పనిచేసే చోటు కిందికే వస్తుందని ఆ చట్టం చెబుతోంది. అందులో ఎవరైనా వేధిస్తే ఫిర్యాదు చేయొచ్చు.

చదువు వచ్చింది కాబట్టి ఒక చిన్న పని చేయొచ్చు. పనిచేసే చోటి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించాలి. బడిలోనూ ఇవ్వాలి. బడి నంబరు, తెలిసిన ఆటో నంబరు దగ్గర ఉంచుకోవాలి. కబురు తొందరగా అందితే తల్లి తొందరగా ఇల్లు చేరుతుంది.

చర్చించండి

1. మీ ఊరి ఆడవాళ్ళు పనికి ఎలా వెళుతున్నారు?
2. పని మధ్యలో ఇంటి నుంచి కబురొస్తే ఏం చేస్తున్నారు?
3. యజమానిని ఏమని అడగాలి? నాలుగు మాటల్లో రాయండి.