ఊరి పాటకు మూడో దారి: తోంగ్‌పాల్ రోడ్డు మీద ఒక అమెరికన్ ఆల్బమ్ పాఠం

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో బయల్దేరి కొత్తగూడెం, భద్రాచలం, కుంట దాటితే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరుతుంది. సుక్మాకూ జగదల్‌పూర్‌కూ మధ్య అదే రోడ్డు మీద ఉంది తోంగ్‌పాల్. తెలుగు పత్రికల్లో ఆ పేరు కనిపించేది ఎక్కువగా కాల్పుల వార్తల్లోనే. 2014 మార్చి 11న ఆ ఊరి సమీపంలో జరిగిన మావోయిస్టు దాడిలో 15 మంది భద్రతా సిబ్బంది, ఒక పౌరుడు చనిపోయారు. ఆ చుట్టుపక్కల ఉండేది ధుర్వా ఆదివాసులు. వారి పర్జీ ద్రావిడ భాష. ఆదిలాబాద్‌లో వినిపించే కొలామీకి దగ్గరి చుట్టం. ఆ భాష మీద బర్రో, భట్టాచార్య 1953లోనే పుస్తకం రాశారు. మరి ఆ నేల పాటను మనం ఎంత విన్నాం?

ఊరి పాట బయటికి రావడానికి మన దగ్గర ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి సినిమా, రెండోది ప్రభుత్వ ఉత్సవ వేదిక. సినిమాలో పాట కథానాయకుడి రాకకు సరిపడేంతే మిగులుతుంది. వేదిక మీద పది నిమిషాల ప్రదర్శనకు కుదించుకుంటుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యనే చూడండి. 2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో ఆయన గొంతు ఊరూరా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో బయటికొచ్చింది.  పేరు వచ్చింది, బిరుదు వచ్చింది. పాట మీద నిలకడైన బతుకు మాత్రం రాలేదు.

మూడో దారి సొంత ఆల్బమ్. అది ఎలా ఉంటుందో అర్థం కావాలంటే ‘ఆల్ట్-కంట్రీ’ పుట్టుక తెలుసుకోవాలి. కంట్రీ అంటే అమెరికా పల్లెల పాట: ఫిడేలు, బాంజో, గిటారు. నాష్‌విల్ నగరంలోని కంపెనీలు దాన్ని నునుపుగా చెక్కి రేడియోకు అమ్మేవి. 1980ల చివర ఇలినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే చిన్న పట్టణంలో అంకుల్ టుపెలో అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం పాత పల్లె పాటనూ, హోరెత్తే పంక్ రాక్‌నూ ఒకే చోట కూర్చింది. వారి మొదటి ఆల్బమ్ ‘నో డిప్రెషన్’ 1990లో ఒక చిన్న కంపెనీ ద్వారా వచ్చింది. బోస్టన్‌లో పది రోజుల్లో, దాదాపు 3,500 డాలర్లతో రికార్డు చేశారు. పేరును కార్టర్ ఫ్యామిలీ 1936లో పాడిన, ఆర్థిక మాంద్యం నాటి భక్తి పాట నుంచి తీసుకున్నారు.

ఆ శబ్దం ప్రత్యేకత ఏమిటి? ‘విస్కీ బాటిల్’ అనే పాటలో మెల్లగా గిటారు మోగుతుంది. పక్కనే పెడల్ స్టీల్ ఉంటుంది. తీగల మీద లోహపు కడ్డీ జారుతుంటే స్వరం మూలుగులా సాగే వాద్యం అది. పల్లవి దగ్గరకొచ్చేసరికి కరెంటు గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. 23 ఏళ్ల జే ఫరార్ గొంతు మాత్రం షిఫ్టు దిగి వచ్చిన నడివయసు కార్మికుడిలా ఉంటుంది. పాటల విషయాలు ఫ్యాక్టరీ, రాత్రి డ్యూటీ, తాగుడు, ఊరు విడిచి పోలేకపోవడం. పల్లెను పటం కట్టి చూపడం వారికి అక్కర్లేదు. తాము బతుకుతున్న ఊరినే, తమ కాలపు చప్పుడుతో పాడారు. 1995లో మొదలైన పత్రిక ఒకటి ఈ ఆల్బమ్ పేరునే పెట్టుకుంది.

ఇందులో మరో పాఠం ఉంది. బృందం 1994లో విడిపోయింది. తర్వాత రాయల్టీల కోసం కోర్టుకెళ్లి, రాజీలో మొదటి మూడు ఆల్బమ్‌ల హక్కులు సాధించుకుంది. 2003లో అవి మళ్లీ విడుదలయ్యాయి. పాట ఎవరిదో కాగితం మీద తేలాకే అది వారికి అన్నం పెట్టగలిగింది.

ఇక బస్తర్‌కు వద్దాం. అక్కడ శబ్దానికి కొరత లేదు. కొండగావ్ వైపు ‘ధనకుల్’ అనే వాద్యం ఉంది. కుండ మూతి మీద చేట బోర్లించి, దాని మీద విల్లు ఆనించి, గాట్లు పెట్టిన విల్లును వెదురు పుల్లతో గీస్తారు. ఇంట్లో వస్తువులే వాద్యం. ఆ మోత మీద గురుమాయిలు అనే స్త్రీలు రోజుల తరబడి ధాన్యలక్ష్మి కథ ‘లఛ్మీ జగార్’ పాడతారు. దాన్ని హరిహర్ వైష్ణవ్, క్రిస్ గ్రెగరీ అచ్చులోకి తెచ్చారు; ఆ పుస్తకం పేరులోనే పాడిన గురుమాయి సుకదాయి పేరు ఉంది. హబీబ్ తన్వీర్ దగ్గర పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తర్ కళాకారులతో ‘బస్తర్ బ్యాండ్’ కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ శబ్దాలు ఆల్బమ్‌గా రావాలంటే చట్టం ఏమంటుందో కూడా చూడాలి. తరతరాల పాటకు రచయిత ఉండడు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ 1957 కాపీరైట్ చట్టం పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ప్రకారం ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే వారికి రాయల్టీ రావాలి. పాట అందరిదీ కావచ్చు; ఆ రోజు మైకు ముందు పాడిన గొంతు మాత్రం ఒకరిది.

అంకుల్ టుపెలోకు పట్టింది పది రోజులు, కొద్దిపాటి డబ్బు. ఇవాళ రికార్డింగ్ అప్పటికంటే చౌక. చేట మీద విల్లు రాపిడిని కీబోర్డు కింద పూడ్చకుండా వినిపించాలి. భాషను మార్చకూడదు. కవరు మీద గాయని పేరు, ఊరి పేరు ముందు పడాలి. ఒప్పందం ఆమెకు అర్థమయ్యే మాటలో ఉండాలి. అలా జరిగిన రోజు, భద్రాచలం దాటి వెళ్లే ఆ రోడ్డు మీద నుంచి మనకు కాల్పుల వార్తలతో పాటు ఒక పాట కూడా వస్తుంది, పాడినవారి పేరుతో సహా.