మాట మారినా ఆజ్ఞ మారదు

మెనూలో ‘ఫైల్’ అని ఉన్నా, ‘దస్త్రం’ అని ఉన్నా కంప్యూటర్ ఒకేలా పని చేస్తుంది. నలభై ఏళ్ల కిందటి ఒక మంచి ఆలోచన ఫలితమది.

తొలి రోజుల్లో తెరపై కనిపించే మాటల్ని చాలామంది నేరుగా ప్రోగ్రాంలోనే రాసేసేవారు. ‘సేవ్’ను ఫ్రెంచిలోకి మార్చాలంటే మూల ప్రోగ్రాం తెరవాలి, ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి దిద్దాలి, మళ్లీ కంపైల్ చేయాలి. అనువాదకులకు ప్రోగ్రామింగ్ రాదు, ప్రోగ్రామర్లకు ఆ భాష రాదు. పైగా భాషకో ప్రోగ్రాం తయారయ్యేది. ఒకదానిలో తప్పు దొరికితే అన్నింట్లోనూ దిద్దుకుంటూ పోవాలి.

మాటలకు వేరే అర

1984 జనవరి 24న ఆపిల్ విడుదల చేసిన మాకింటోష్ ఈ ముడిని మొదట్లోనే విప్పింది. అంతకుముందు జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పనిచేసిన బ్రూస్ హార్న్ దీనికోసం ‘రిసోర్స్ మేనేజర్’ రాశారు. మెనూలు, డైలాగ్ పెట్టెలు, హెచ్చరికలు, బొమ్మలు... అన్నీ ప్రోగ్రాం ఫైల్లోనే ‘రిసోర్స్ ఫోర్క్’ అనే ప్రత్యేక భాగంలో ఉంటాయి. అప్పటి మాక్‌లో మెమరీ 128 కిలోబైట్లే. అవసరమైన రిసోర్స్‌నే డిస్క్ నుంచి తెచ్చుకుని, పని కాగానే వదిలేసే వీలు కూడా ఈ పద్ధతితోనే వచ్చింది.

‘రెస్ఎడిట్’ అనే పనిముట్టు వచ్చాక అనువాదకులే మెనూ తెరిచి మాటలు మార్చేవారు. జర్మన్ మాట పొడుగై బటన్‌లో పట్టకపోతే బటన్ వెడల్పూ అక్కడే పెంచేవారు. అసలు ప్రోగ్రాంలో ఒక్క వరుస కూడా కదిలేది కాదు.

నంబరుతోనే పని

మరి మాట మారిపోతే ఏ ఆజ్ఞ ఇచ్చారో ప్రోగ్రాంకు ఎలా తెలుస్తుంది? మెనూలో మనం ఒకటి ఎంచుకోగానే మాకింటోష్ ప్రోగ్రాం చేతికి 32 బిట్ల విలువ ఒకటి ఇస్తుంది. అందులో సగం ఏ మెనూవో చెబుతుంది, మిగతా సగం ఆ మెనూలో ఎన్నో అంశమో చెబుతుంది. ఉదాహరణకు 129వ మెనూ, 4వ అంశం. అక్కడ ఏ భాషలో ఏం రాసి ఉందన్నది ప్రోగ్రాం చూడనే చూడదు. స్టేషన్లో ఏ భాషలో ప్రకటించినా గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12727 మారనట్టే. అనువాదకులు పాటించాల్సిన నియమం ఒక్కటే: అంశాల వరుస మార్చకూడదు.

లెక్కల పట్టికలు చేసే ఎక్సెల్‌ పాత ఫైళ్లదీ ఇదే దారి. కూడిక ఫార్ములా పేరు ఇంగ్లిష్‌లో ‘సమ్’, జర్మన్‌లో ‘సుమ్మె’. ఆ ఫైళ్లలో మాత్రం దాని సంకేత సంఖ్యే ఉండేది కాబట్టి బెర్లిన్‌లో చేసిన లెక్కల పట్టిక లండన్‌లోనూ తెరుచుకునేది.

పేరునే నమ్ముకున్న చోట మాత్రం తిప్పలు తప్పలేదు. తొంభైల నాటి జర్మన్ వర్డ్‌లో మెనూ ఆజ్ఞల లోపలి పేర్లనూ జర్మన్‌లోకి మార్చారు. దాంతో ఇంగ్లిష్ పేర్లపై ఆధారపడ్డ మాక్రోలు (ఆజ్ఞల్ని వరుసగా నడిపే చిన్న ప్రోగ్రాంలు) అక్కడ సరిగా పనిచేయలేదు.

మన వంతు

ప్రతి లిపిలోని అక్షరాలకూ నంబర్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగు లిపికి చోటు దక్కింది. లైనక్స్ ప్రపంచంలో గ్నూ గెట్‌టెక్స్ట్ అనే పనిముట్టు ప్రతి భాషకూ మాటల ఫైల్‌ను విడిగా ఉంచింది. అందుకే హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు, ఎందరో ఔత్సాహికులు అసలు ప్రోగ్రాం జోలికి వెళ్లకుండానే మెనూలను తెలుగు చేయగలిగారు. కీబోర్డుతో తెరిచే వీలు పోకుండా ‘దస్త్రం’ పక్కనే బ్రాకెట్లో ‘ఎఫ్’ అక్షరాన్నీ నిలిపారు.

ఇంత సులువైన దారి ఉన్నా, ఇంగ్లిష్‌లో అంతా పూర్తయ్యాకే తెలుగు సంగతి చూద్దామనే ధోరణి ఇంకా పోలేదు. అప్పటికి మాటలు ప్రోగ్రాంలో అల్లుకుపోతాయి, విడదీయడానికి ఖర్చవుతుంది, తెలుగు వాయిదా పడుతుంది. పింఛను కోసమో పొలం కాగితం కోసమో ఫోన్ తెరిచే రైతుకు ఆ వాయిదా అంటే మళ్లీ మరొకరి సాయం కోసం ఎదురుచూడటమే. రాసే మొదటి రోజే మాటల్ని విడిగా పెట్టండి. ఆ తర్వాత తెలుగు చేసే పనిని తెలుగువాళ్లే చూసుకుంటారు.