టీలో వేసేది నిమ్మగడ్డేనా?

మహానంది నుంచి వస్తూ దారిలో నర్సరీ కనిపిస్తే ఆగి ఓ నిమ్మగడ్డి మొక్క కొనుక్కుంటాం. అహోబిలం కొండదారిలో నిమ్మవాసన వచ్చే గడ్డి కనిపిస్తే ఓ దుబ్బు తెచ్చి కుండీలో పెట్టాలనిపిస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో మిద్దెతోటలు పెంచేవారికి ఇది మామూలే. అయితే అది నిజంగా నిమ్మగడ్డేనా? టీలో వేసేముందు ఒక్కసారి చూసుకోవడం మంచిది.

నిమ్మగడ్డి, సిట్రోనెల్లా, పామారోజా మూడూ ‘సింబోపోగాన్’ ప్రజాతిలోవే. ఒకసారి నాటితే ఏళ్లతరబడి పిలకలు వేస్తాయి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. వాడకం మాత్రం వేరు. నిమ్మగడ్డిని టీలో, వంటలో వాడతారు. సిట్రోనెల్లా నూనె దోమల మందుల్లోకి, పామారోజా నూనె సబ్బులు, అత్తరుల్లోకి వెళ్తుంది.

ఎలా గుర్తుపట్టాలి?

వాసన: ఆకును తుంచి వేళ్ల మధ్య నలపండి. నిమ్మతొక్క వాసన వస్తే నిమ్మగడ్డి. ‘సిట్రాల్’ అనే పదార్థమే ఇందుకు కారణం. నిమ్మవాసనతో పాటు దోమల మందు లాంటి ఘాటు తగిలితే సిట్రోనెల్లా. గులాబీని గుర్తుచేస్తే పామారోజా.

మొదలు: వంటలో వాడే నిమ్మగడ్డి మొదలు తెల్లగా, లేతాకుపచ్చగా, కాస్త ఉబ్బుగా ఉంటుంది. సిట్రోనెల్లాకు ఎరుపు, ఊదా ఛాయ ఉంటుంది. అయితే రంగునొక్కదాన్నే నమ్మొద్దు. మన దేశపు నిమ్మగడ్డిలో ఎర్రకాడ రకమూ ఉంది.

ఆకు, పూత: పామారోజా ఆకు అడుగున వెడల్పై, కాడను చుట్టి పట్టుకున్నట్టుంటుంది. బాగా పూస్తుంది. పెరట్లో పెంచే నిమ్మగడ్డి పూయడం అరుదు. అందుకే పిలకలు విడదీసి నాటుతాం.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* వాసన, మొదలు, ఆకు మూడూ సరిపోలితేనే వాడండి. ఏ కొంచెం సందేహమున్నా టీలో వేయొద్దు. మొక్కను నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, కాలేజీలో బోటనీ చెప్పేవారికో చూపించండి.
* గ్లాసు నీళ్లకు రెండు మూడు ఆకు ముక్కలు చాలు. ఆకు అంచులు పదును కాబట్టి తప్పక వడకట్టండి.
* ఈ గడ్డి నూనెల్ని తాగొద్దు. పిల్లలకు అందకుండా ఉంచండి.
* గర్భిణులు, బీపీ, షుగర్ మందులు వాడేవారు రోజూ తాగాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగండి.
* రోడ్డు పక్కన, పురుగుమందు కొట్టిన చేలగట్ల మీద పెరిగింది వద్దు.
* నల్లమల అడవిలో మొక్కలు పీకొద్దు. అది చట్టప్రకారం నేరం.

పొరపాటున సిట్రోనెల్లా తెచ్చుకున్నా పారేయక్కర్లేదు. బాల్కనీలో కుండీలో పెంచుకోండి. టీకి మాత్రం నిమ్మగడ్డినే వాడండి.