ఇంటి గుట్టు – పసివారి బడి

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్నది తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెత. లంక రహస్యాలను విభీషణుడు రామునికి తెలిపిన రామాయణ గాథ దీనికి మూలం. అయితే పెద్దలు ఈ మాటను రాజ్యాల విషయంలో కంటె సంసారాల విషయంలోనే ఎక్కువగా వాడుతుంటారు. కుటుంబ విషయం నలుగురి నోళ్లలో పడితే ఆ కుటుంబం తలయెత్తుకొని తిరుగలేదన్నది ఇందులోని హెచ్చరిక. కాని బిడ్డ మేలు కోరినపుడు కొన్ని ఇంటి సంగతులను బయటివారికి చెప్పక తప్పదు. అలా నమ్మి చెప్పిన సంగతులకు రక్షణ కల్పించడమే గోప్యత. చెప్పడానికి, చెప్పకపోవడానికి కుటుంబానికి గల స్వేచ్ఛను గౌరవించడమే సమ్మతి. శిశు సంరక్షణ కార్యక్రమాలకు ఈ రెండూ రెండు కన్నుల వంటివి.

మన దేశంలో పేద కుటుంబాల బిడ్డలలో చాలామంది ఇల్లు దాటి మొట్టమొదట అడుగుపెట్టే చోటు అంగన్‌వాడీ కేంద్రం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. నేడు దేశమంతటా సుమారు 14 లక్షల కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై వైద్యానికి పంపడం, పోషణ ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలు వీటి ద్వారా అందుతున్నాయి. ‘అంగన్’ అనగా ముంగిలి. ముంగిలి పూర్తిగా ఇల్లూ కాదు, పూర్తిగా వీధీ కాదు. ఇంటి మాట వీధిన పడకుండా కాపాడవలసిన బాధ్యత ఆ పేరులోనే ఇమిడి ఉన్నది.

ఈ సేవలు అందించడానికి అంగన్‌వాడీ కార్యకర్తకు ఎన్నో వివరాలు అవసరం. తల్లి ఎన్నవసారి గర్భం ధరించింది, కాన్పులో బిడ్డ బరువెంత, ఇంటిలో ఎవరికి ఏ జబ్బు ఉన్నది, బిడ్డకు వైకల్యమేమైనా ఉన్నదా మొదలైనవన్నీ ఆమె దృష్టికి వస్తాయి. దస్త్రాలకు ఎక్కని సంగతులు కూడ ఆమెకు తెలుస్తాయి. భర్త తాగుడు, అత్తాకోడళ్ల తగవు, దత్తత రహస్యం, భర్త విడిచిపోయిన ఇల్లాలి కన్నీరు ఆమె చెవిని చేరుతూనే ఉంటాయి. ఆమె కూడ ఆ ఊరి మనిషే. ఆ చుట్టరికమే ఆమెకు బలం, ఆ చుట్టరికమే ఆమెకు పరీక్ష.

బరువులు తూచే రోజును ఉదాహరణగా తీసుకోవచ్చు. తల్లులందరూ పిల్లలను ఎత్తుకొని వరుసలో నిలిచి ఉంటారు. పెరుగుదల పట్టికలో ఆకుపచ్చ రంగు సరైన ఎదుగుదలకు, పసుపు రంగు వయసుకు తగినంత బరువు లేకపోవడానికి, నారింజ రంగు తీవ్రమైన లోపానికి గుర్తులు. ఒక బిడ్డ బరువు నారింజ రంగులో పడింది. “ఈ పిల్లవాడికి ఇంట్లో తిండి పెట్టడం లేదా?” అని కార్యకర్త అందరి ఎదుట అడిగింది. ఆమె ఉద్దేశం చెడ్డది కాదు. బిడ్డపై గల ఆతురతయే ఆ మాట అనిపించింది. కాని తల్లి తల వంచుకొన్నది. సాయంత్రానికి ఆ మాట వీధి కుళాయి దాటి అత్తవారి చెవిని పడింది. మరుసటి నెల ఆ తల్లి కేంద్రానికి రాలేదు. అందరికంటె ఎక్కువగా సేవలు అవసరమైన బిడ్డయే ఆ సేవలకు దూరమైనాడు. గోప్యతకు భంగం కలిగితే పోయేది పరువు మాత్రమే కాదు, బిడ్డ ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు.

ఇదే సంగతిని మరొక విధంగా నిర్వహించవచ్చు. బరువును పైకి చదువక పట్టికలో వ్రాసి, ఆ తల్లిని చివరకు ఉండుమని నెమ్మదిగా చెప్పి, ఏకాంతంలో మాట్లాడితే సరిపోతుంది. బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపవలసి వస్తే ఆ విషయం ఆరోగ్య కార్యకర్తకు, వైద్యునికి తెలియాలి. పక్కింటి వారికి తెలియనక్కరలేదు. తెలియవలసిన వారికి, తెలియవలసినంత మేరకే తెలియజేయడం గోప్యతలోని కీలక సూత్రం. దస్త్రాలను పెట్టెలో భద్రపరచడం, పేర్లతో కూడిన జాబితాలను గోడకు అంటించకపోవడం, ఒక తల్లి కథను మరొక తల్లికి ఉదాహరణగా చెప్పకపోవడం దీనిలోని భాగాలే. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందన్నది పెద్దల అనుభవం.

ఇక సమ్మతి విషయం. సంతకం వేరు, సమ్మతి వేరు. చదువురాని తల్లి చేత చదివి వినిపించని కాగితంపై వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాజాలదు. ఏ వివరం కావాలి, ఎందుకు కావాలి, ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు, కాదంటే ఏమవుతుంది అన్న ఐదు సంగతులు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. కోయ, లంబాడీ వంటి భాషలు మాట్లాడే కుటుంబాలకు వారి భాషలోనే వివరించడం న్యాయం. ఆలోచించుకొనే వ్యవధి ఇవ్వాలి. ఒకసారి ఇచ్చిన సమ్మతిని తరువాత ఉపసంహరించుకొనే అవకాశం కూడ ఉండాలి.

సమ్మతి నిర్బంధంతో పొందరాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుండి ఆరేళ్ల వయసు గల పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం పొందే హక్కు ఉన్నది. ఫొటోకు ఒప్పుకోనందుకు బిడ్డ పళ్లెం తీసివేస్తామనడం ఆ హక్కును కాలరాయడమే. దాతలకు పంపే ఫొటోలు, పత్రికలలో వేసే చిత్రాలు, విద్యార్థులు చేసే సర్వేలు అన్నింటికీ ఈ నియమం వర్తిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు, పిల్లలపై జరిపే పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతిని అవసరమని చెప్పడమే గాక, ఏడేళ్లు నిండిన పిల్లల అంగీకారాన్ని కూడ కోరాయి. అంతకంటె చిన్నవారి మాటకు విలువ లేదని దీని అర్థం కాదు. కెమెరాను చూచి ముఖం తిప్పుకొనే నాలుగేళ్ల పాప కూడ తన అభిప్రాయాన్ని స్పష్టంగానే చెబుతున్నది.

చట్టం కూడ ఈ విలువలకు అండగా నిలిచింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లల ఏకాంతానికి రక్షణ కల్పించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, ఆ వ్యాధికి సంబంధించిన వివరాలను సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని సాధారణంగా నిషేధించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలని పేర్కొన్నది. ప్రభుత్వ ప్రయోజనాలను అందించే సందర్భాల వంటి వాటికి కొన్ని మినహాయింపులను కూడ అది ఇచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. అందులోని అంశాలు దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు జరిగింది.

ఈ చట్టాల ఆవశ్యకత నేడు మరింత పెరిగింది. 2021లో ప్రారంభమైన ‘పోషణ్ ట్రాకర్’ వలన బిడ్డ ఎత్తు, బరువు, హాజరు వివరాలు దస్త్రం నుండి సెల్‌ఫోనులోకి చేరాయి. ఇంటికి ఇచ్చే పోషకాహార పంపిణీలో ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడ ప్రవేశించింది. దీనివలన అందవలసిన వారికి ఆహారం అందుతున్నదీ లేనిదీ తెలుసుకొనే వీలు కలుగుతుంది. కాని దస్త్రం పోతే ఒక ఊరి వివరాలు పోతాయి. కంప్యూటర్‌లోని సమాచారం పొక్కితే లక్షల కుటుంబాల వివరాలు బయటపడవచ్చు. వాట్సాప్‌లో పంపిన ఫొటోను వెనుకకు తీసుకొనేలోగా అది ఎందరి చేతులలోకో చేరిపోవచ్చు.

అయితే గోప్యతకు హద్దులు కూడ ఉన్నాయి. బిడ్డపై లైంగిక దాడి జరిగిందని గాని, జరుగవచ్చునని గాని తెలిసినపుడు “ఇంటి గుట్టు” అని మౌనం వహించరాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం శిక్షార్హమైన నేరం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 అనే ఉచిత ఫోను సేవ ఉన్నది. అప్పుడు కూడ ఆ సంగతి అధికారులకే చెప్పాలి గాని ఊరివారికి కాదు. బిడ్డ పేరు, ఊరు, ముఖం బయటపడకుండా చూడవలసిందే. గోప్యత బిడ్డను కాపాడే కవచం. బిడ్డకు హాని చేసినవారిని దాచే తెర కారాదు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఉపాధ్యాయులు, నర్సులు, సర్వే ఉద్యోగులు అవుతారు. మరికొందరు తల్లిదండ్రులై తమ బిడ్డల వివరాలను ఇతరులకు అప్పగిస్తారు. అడిగేవారికి వినయం, వినేవారికి నిగ్రహం, చెప్పేవారికి స్వేచ్ఛ ఉన్నపుడే ఈ వ్యవస్థ సక్రమంగా నడుస్తుంది. కేంద్రానికి రావడం మానిన ఆ తల్లి ఇంటికి కార్యకర్త ఒంటరిగా వెళ్లి, అందరి ఎదుట అన్న మాటకు నొచ్చుకొని, ఇకపై బిడ్డ సంగతి తమ ఇద్దరి మధ్యనే ఉంటుందని మాట ఇస్తే, ఆ తలుపు తిరిగి తెరుచుకొనే అవకాశం ఉన్నది. ఆ మాట నిలబెట్టుకొన్ననాడే నారింజ రంగులోని బిడ్డ ఆకుపచ్చ రంగులోకి నడిచి రాగలుగుతాడు.