పర్యాటకుని రూపాయి

(యాత్రికుల రాకపోకల మీద బతికే ఊళ్లో ఒక పెద్ద మాల్ వెలిస్తే ఊరికి లాభమా? నష్టమా? మైసూరు నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.)

దసరా వచ్చిందంటే మైసూరు జనసముద్రమవుతుంది. విజయనగర రాజుల మహానవమి వేడుకల సంప్రదాయాన్ని అందుకొని రాజ ఒడయరు 1610లో శ్రీరంగపట్టణంలో ఈ ఉత్సవాలను ప్రారంభించాడని చెబుతారు. తర్వాతి కాలంలో అవి మైసూరుకు తరలాయి. అక్కడి పాత కొయ్య రాజభవనం 1897లో అగ్నికి ఆహుతైంది. దాని స్థానంలో కట్టిన నేటి ప్యాలెస్ 1912లో పూర్తయింది. దాదాపు లక్ష దీపాలతో వెలిగే ఆ ప్యాలెస్‌ను, చాముండి కొండను, జంతు ప్రదర్శనశాలను చూడడానికి ఏడాది పొడవునా యాత్రికులు వస్తూనే ఉంటారు.

చూడవచ్చినవారు ఉత్త చేతులతో తిరిగి వెళ్లరు. లాడ్జిలో దిగుతారు, ఆటో ఎక్కుతారు, హోటల్లో తింటారు. వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్ల కోసం మైసూరు పాకో, అగరువత్తులో, చందనపు బొమ్మో కొంటారు. చేతిలో సొమ్ము ఉన్నవారు పట్టుచీర కొంటారు. ఇలా పర్యాటకుడు ఊళ్లో విడిచిపెట్టే డబ్బుతో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

ప్యాలెస్ నుండి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, సయ్యాజీరావు రోడ్డు పక్కన, దేవరాజ మార్కెట్టు ఉంది. నూరేళ్లు దాటిన ఆ మార్కెట్టులో వందలాది చిన్న అంగళ్లు ఉన్నాయి. గోపురాల్లా పోసిన రంగురంగుల కుంకుమ రాశులు, మూరల లెక్కన అమ్మే పూలదండలు, అరటిగెలలు, తమలపాకుల కట్టలు కన్నులపండువుగా ఉంటాయి. మైసూరు మల్లెకు, మైసూరు తమలపాకుకు, నంజనగూడు రసబాళె అరటికి భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేర్లతో వేరే ప్రాంతపు సరుకును అమ్మకూడదు. ఈ మార్కెట్టు ఊరివాళ్లకు సంతబజారు. పైఊరివాళ్లకు చూడదగిన వింత.

ఇక్కడ ఒక పర్యాటకురాలు మూర మల్లెపూలు కొన్నదనుకుందాం. ఆమె ఇచ్చిన డబ్బులో కొంత అమ్మినవారికి మిగులుతుంది. కొంత దండ కట్టినవారికి కూలిగా ముడుతుంది. మిగిలినది చుట్టుపక్కల పల్లెలో తోట వేసిన రైతుకు చేరుతుంది. రైతు ఆ డబ్బుతో మళ్లీ మైసూరు వచ్చి పిల్లలకు బట్టలు కొంటాడు. బట్టల కొట్టువాడు ఆ డబ్బుతో పక్క హోటల్లో భోజనం చేస్తాడు. ఒక్క రూపాయి చేతులు మారుతూ నలుగురికి పని కల్పిస్తుంది. అయితే చేతులు మారిన ప్రతిసారీ అందులో కొంత భాగం ఊరు దాటి పోతుంది. బావినీరు కాలువలో పారుతూ దారిలో ఇంకిపోయినట్లే ఇదీను.

దీన్ని లెక్కలో చూద్దాం. ఇవి కేవలం ఊహించుకొన్న అంకెలు. పర్యాటకుడు 100 రూపాయలు ఖర్చు చేశాడు. చేతులు మారిన ప్రతిసారీ అందులో 60 శాతం ఊళ్లోనే ఉండిపోతే మొదట 100, తర్వాత 60, ఆ తర్వాత 36 రూపాయల బేరం జరుగుతుంది. చివరిదాకా కూడితే మొత్తం 250 రూపాయలు. అదే ప్రతిసారీ 20 శాతమే ఊళ్లో నిలిస్తే మొదట 100, తర్వాత 20, తర్వాత 4. మొత్తం 125 రూపాయలే. ఖర్చు చేసిన సొమ్ము ఒక్కటే, ఊరికి కలిగిన మేలు మాత్రం సగానికి తగ్గింది.

ఇప్పుడు మాల్ సంగతి చూద్దాం. ఇటీవలి దశాబ్దాల్లో మన పెద్ద నగరాలన్నిటిలాగే మైసూరులో కూడా మాల్స్ వెలిశాయి. ఒకే కప్పు కింద బట్టల దుకాణాలు, ఫలహారశాలలు, సినిమా హాళ్లు ఉంటాయి. బండి నిలపడానికి చోటు, శుభ్రమైన మరుగుదొడ్లు, ముసలివారికి లిఫ్టు ఉంటాయి. ఎండావానల బెడద లేదు. ధర చీటీ మీద ఉంటుంది కనుక భాష తెలియని యాత్రికుడికి మోసపోతానన్న భయం లేదు. ఇవి కొట్టిపారేయదగిన సౌకర్యాలు కావు.

ఉద్యోగాల విషయంలోనూ మాల్‌కు కొంత మంచి ఉంది. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు భవిష్యనిధి చట్టం వర్తిస్తుంది. చిన్న అంగట్లో ఒంటరిగా పనిచేసే కుర్రవాడికి సాధారణంగా అటువంటి రక్షణ ఉండదు. మాల్ కట్టే ఆస్తిపన్ను నగరపాలక సంస్థకే వస్తుంది. అయితే అమ్మకాల మీద వసూలయ్యే వస్తుసేవల పన్ను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు చేరుతుంది. కాబట్టి మాల్‌లో అమ్మకాలు పెరిగినంత మాత్రాన ఊరి వీధిదీపాలకు ఆ మేరకు నిధులు వస్తాయని అనుకోరాదు.

మరి రూపాయి ప్రయాణం మాటేమిటి? మాల్‌లోని పెద్ద సంస్థల సరుకు ఎక్కువగా పైఊళ్లలో తయారై వస్తుంది. లాభం ఆ సంస్థల ప్రధాన కార్యాలయాలకు చేరుతుంది. ఊరికి ముఖ్యంగా మిగిలేవి జీతాలు, ఆస్తిపన్ను, కాపలా, పారిశుద్ధ్యం వంటి పనుల మీద పెట్టే ఖర్చు. అయితే పాత మార్కెట్టులో కొన్న ప్రతి వస్తువూ ఊరిదే అనుకోవడం కూడా పొరపాటే. అక్కడి ప్లాస్టిక్ బొమ్మ ఎక్కడో దూరాన తయారైనదే. మాల్‌లోనే అయినా, ఊరి నేతచీరకో, చెక్కలో చెక్క పొదిగే మైసూరు పనితనానికో ఒక అంగడి దొరికితే ఆ రూపాయి ఊళ్లోనే తిరుగుతుంది. కాబట్టి కట్టడం పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. అక్కడ ఎవరి సరుకు అమ్ముడవుతుంది, సొమ్ము ఎవరికి చేరుతుంది అన్నదే ప్రశ్న.

ఇంకొక విషయం. యాత్రికుడి సంచిలో డబ్బు పరిమితంగా ఉంటుంది. మాల్‌లో జరిగిన బేరమంతా ఊరికి కొత్తగా వచ్చినది కాదు. అందులో కొంత పాత అంగళ్ల నుండి తరలి వచ్చినదే. కొత్త వసతుల వల్ల యాత్రికుడు ఇంకొక రాత్రి ఊళ్లో బస చేస్తేనే నిజమైన రాబడి పెరుగుతుంది. బెంగళూరు నుండి వచ్చినవారికి అక్కడ లేని మాల్ మైసూరులో ఉండదు. వారిని రప్పించేది ప్యాలెస్, దసరా, మల్లెల వాసన. అన్ని ఊళ్లలో దొరికేది మన ఊళ్లోనూ దొరకడం సౌకర్యం. మన ఊళ్లోనే దొరికేది ఆకర్షణ.

జనం నడిచే దారి మారితే బేరం ఎలా మారుతుందో అదే రోడ్డు మీది చన్నపట్టణం చెబుతుంది. మన ఏటికొప్పాక లక్క బొమ్మల్లాగే అక్కడి బొమ్మలనూ అంకుడు కర్రతో చేసి, లక్క రంగులు అద్దుతారు. పాత బెంగళూరు - మైసూరు రోడ్డు పక్కన ఈ బొమ్మల దుకాణాలు వరుసగా ఉండేవి. కార్లు ఆగేవి, పిల్లలు మారాం చేసేవారు, బేరం సాగేది. 2023 మార్చి 12న కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి ప్రారంభమైంది. అది చన్నపట్టణం లోపలికి పోకుండా పక్కగా సాగిపోతుంది. ప్రయాణ కాలం తగ్గింది, అందరికీ మేలే. కానీ పాత రోడ్డు దుకాణాల గిరాకీ పడిపోయింది. బొమ్మ చెడిపోలేదు, ధర పెరగలేదు, పనివాని చెయ్యి తిరుగుడు తగ్గలేదు. దారి మారింది, అంతే. ఊరి అంచున బండ్లు నిలిపే చోటుతో వెలిసే పెద్ద మాల్ కూడా నగరంలో ఇటువంటి కొత్త దారినే వేస్తుంది.

అలాగని పాతదాన్ని ఉన్నది ఉన్నట్లు వదిలివేయడమూ తగదు. 2012 ఆగస్టులో మైసూరులోని పాత లాన్స్‌డౌన్ భవనంలో కొంత భాగం కూలి నలుగురు మరణించారు. 2016 ఆగస్టులో దేవరాజ మార్కెట్టు ఉత్తర ద్వారం భాగం కూలింది. వీటిని పడగొట్టి కొత్తగా కట్టాలా, మరమ్మతు చేసి నిలుపుకోవాలా అన్న వివాదం న్యాయస్థానానికి చేరింది. 2023లో కర్ణాటక హైకోర్టు కూల్చివేతకు అడ్డు చెప్పలేదు. ఇటువంటి సమయాల్లో చిన్న వ్యాపారి భయం ఒక్కటే: కొత్త కట్టడంలో తన చోటు తనకు దక్కుతుందా? దక్కినా ఆ అద్దె కట్టగలడా? పూలు అమ్మేవారు రెండేళ్లు వేరే చోటికి పోతే, అలవాటుపడిన కొనుగోలుదారులు తిరిగి వస్తారా?

అందువల్ల పర్యాటక నగరంలో పెద్ద వ్యాపార కట్టడం తలపెట్టేటప్పుడు కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. స్థానిక వృత్తిదారులకు అందుబాటు అద్దెతో కొన్ని అంగళ్లు కేటాయించాలి. పాత బజారుకు కూడా మరుగుదొడ్లు, మంచినీరు, బండ్లు నిలిపే చోటు కల్పించాలి. కట్టడం పూర్తయ్యేవరకు చిన్న వ్యాపారులకు జనం నడిచే దారిలోనే తాత్కాలిక స్థలం చూపాలి. నీరు, చెత్త, వాహనాల రద్దీ వల్ల పడే భారాన్ని కూడా లెక్కలో వేయాలి.

ఎంత అమ్మకం జరిగిందని చూడడం సగం లెక్క. ఆ సొమ్ము ఊళ్లో ఎన్ని చేతులు మారిందని చూస్తేనే లెక్క పూర్తవుతుంది. సాయంత్రం పూలబుట్ట ఖాళీ చేసుకొని ఇంటికి మళ్లే మనిషికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. కట్టడాలు తలపెట్టేవారే దాన్ని నేర్చుకోవాలి.

అర్థాలు

ఆహుతి = అగ్నికి అర్పితమైనది
గిరాకీ = కొనేవారి రాక, అమ్మకం
భవిష్యనిధి = ఉద్యోగి ముందుకాలం కోసం నెలనెలా కూడబెట్టే సొమ్ము
పారిశుద్ధ్యం = పరిసరాల శుభ్రత

అభ్యాసం

1. మూర మల్లెపూలకు ఇచ్చిన డబ్బు ఎవరెవరికి చేరుతుందో సొంత మాటల్లో రాయండి.
2. ప్రతిసారీ 50 శాతం డబ్బు ఊళ్లోనే నిలిస్తే 100 రూపాయల వల్ల మొత్తం ఎంత బేరం జరుగుతుంది?
3. చన్నపట్టణం ఉదాహరణ ద్వారా తెలిసే విషయం ఏమిటి?
4. "అన్ని ఊళ్లలో దొరికేది సౌకర్యం, మన ఊళ్లోనే దొరికేది ఆకర్షణ." ఈ మాటను సమర్థిస్తూ గాని, ఖండిస్తూ గాని పది వాక్యాలు రాయండి.
5. మీ ఊరి బజారులో ఐదు వస్తువులు ఎంచుకొని, అవి ఎక్కడ తయారయ్యాయో అడిగి తెలుసుకొని పట్టిక తయారుచేయండి.