పాత జీపీఎస్, కొత్త తీగ

మన హోసూరువాళ్లకు పెద్ద నీళ్లంటే కెలవరపల్లి డ్యామో, కృష్ణగిరి డ్యామో. అయినా ఆమధ్య వేసవిలో నాకొక పడవ సమస్య వచ్చిపడింది.

నేను విశాఖపట్నంలో పనిచేసినప్పుడు మా శాఖలో మరపడవకు అప్పు తీసుకున్న ఒకాయన ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మరమ్మతులన్నీ అప్పుడే. "సార్, కొత్త తెర కొన్నాను. పాత జీపీఎస్ దానికి కలవదంట, పారేయమంటున్నారు. ఇంకో అప్పు నావల్ల కాదు. మీవాడు బండ్ల వైరింగులో ఉన్నాడు కదా, ఒక్కమాట అడగండి" అన్నారు.

మా అబ్బాయి ఫోటోలు చూసి నవ్వాడు. "నాన్నా, ఇది మన ఊరి బండ్లలో ఉండే తీగే!"

వాడు చెప్పినది ఇది. పాత పడవ పరికరాల భాష ఎన్ఎంఈఏ 0183, 1983లో వచ్చింది. అది దండోరా లాంటిది. ఒకడు చాటుతాడు, మిగతావాళ్లు వింటారు. సెకనుకు 4,800 బిట్లు. కొత్తదైన ఎన్ఎంఈఏ 2000లో ఒకే వెన్నెముక తీగ మీద పరికరాలన్నీ మాట్లాడుకుంటాయి. సెకనుకు 2,50,000 బిట్లు. దీనికి మూలం బాష్ కంపెనీ కార్ల కోసం 1986లో ప్రకటించిన 'కాన్ బస్' (ఎక్కే బస్సు కాదు). లారీలూ మోటారు సైకిళ్లూ తయారయ్యే హోసూరుకు అది పరాయిదెలా అవుతుంది?

భాషలు వేరు కనుక తీగకు తీగ ముడివేస్తే లాభం లేదు, మధ్యలో దుబాసీ కావాలి. ఆ కన్వర్టరు అరచేతిలో ఇముడుతుంది. జీపీఎస్ పంపే రెండు తీగలను కన్వర్టరు వినే రెండు తీగలకు కలపాలి. వేగం 4,800కే పెట్టాలి. వెన్నెముక రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి.

అక్కడి మెకానిక్ ఫోన్‌లో చూపిస్తుంటే వీడు ఇక్కణ్ణుంచి చెప్పాడు. మొదట తెర మీద ఏమీ రాలేదు. ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. మార్చగానే పడవ సరిగ్గా రేవులోనే కనబడింది.

తేదీ మాత్రం పంతొమ్మిదిన్నరేళ్ల వెనక్కి పోయింది! జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి అలా వచ్చింది. కొన్ని పాత పరికరాలకు ఆ సంగతి తెలియదు. దుబాసీది తప్పు కాదు, విన్నదే చెప్పింది. బ్యాంకువాడిని కనుక తప్పు తేదీ చూడగానే నాకు చెమటలు పట్టాయి.

"తేదీదేముంది సార్, చోటు తప్పకపోతే చాలు" అన్నారాయన. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర జాలర్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. సముద్రం మీద సరిహద్దు గీత కంటికి కనబడదు కదా.

పాతదాన్ని అదనంగా ఉంచుకుని కొత్తది కొనమని మా అబ్బాయి గట్టిగా చెప్పాడు. నాకూ అదే సబబనిపించింది, కానీ ఆయన అప్పు సంగతి తెలిసిన నోటితో ఆ మాట అనలేకపోయాను.

జూన్ 14 రాత్రి ఫోన్ వచ్చింది. "బయల్దేరుతున్నాం సార్. వచ్చే నిషేధంలో కొత్తది కొంటాను. అందాకా తేదీ క్యాలెండరులో చూసుకుంటాం."