గుండె చెరువైనప్పుడు

ఇంట నెవరైన హఠాత్తుగా మరణించినప్పుడు వృద్ధురాలగు తల్లియో భార్యయో ఱొమ్ము పట్టుకొని కూలబడుట చదువరులలో పలువురు చూచినదే. "దుఃఖము, నాలుగు గ్రుక్కలు నీళ్ళు త్రాగించి పండుకొనబెట్టుడు" అని చుట్టునున్నవా రందురు. గుండె చెరువైనదనుట మన నుడికారము. దశరథుడు పుత్రశోకముచే ప్రాణములు విడిచెననుటను మన మేనాడును శంకింపలేదు. వైద్యశాస్త్రము మాత్ర మీ మాటకొక పేరు పెట్టుటకు 1990వ సంవత్సరము వఱకు ఆగవలసివచ్చినది. జపానునందు హికారు సాటో యను వైద్యుడును, ఆయన సహచరులును ఈ రుగ్మతను వర్ణించి 'టాకోట్సుబో' అనిరి.

టాకోట్సుబో యనగా ఆక్టోపసును పట్టుటకై జాలరులు సముద్రములో దింపెడి కుండ. మూతి యిఱుకు, అడుగు గుండ్రన. శోకభయాదులచేతనో, తీవ్రమగు జబ్బుచేతనో ఆడ్రినలిను వంటి ద్రవ్యములు రక్తములో నొక్కసారిగా పెల్లుబికి, గుండె యెడమ జఠరికయొక్క కొన ముడుచుకొనజాలక, ఆ కుండవలె ఉబ్బునని వైద్యుల యభిప్రాయము. గుండెపోటునందువలె ధమనిని మూసిన రక్తపుగడ్డ యిందు కారణము కాదు. రోగులలో పదింట తొమ్మండుగురు స్త్రీలే. అందును ముట్లుడిగినవారే యధికము. 2015లో ప్రకటితమైన 1750 మంది రోగుల పరిశీలనలో మనస్తాపము కారణమైనది సుమారు 28 శాతమునకే; 36 శాతమునకు శారీరక కారణములు; తక్కినవారిలో పలువురకు కారణమే కనబడలేదు. కావున ఏడ్పును బట్టి వ్యాధిని నిర్ణయింప వీలులేదు.

ఇక ఈసీజీ మాట. గుండెపోటునందువలెనే యిందును ఎస్‌టీ భాగము పైకెగయవచ్చును; చిక్కంతయు నిక్కడనే. 2010లో జపాను వైద్యులొక సూక్ష్మమును చూపిరి: ఏవీఆర్ గీతయందు ఎస్‌టీ క్రిందికి దిగి, వీ1 గీతయందు పైకెగయకున్నచో అది టాకోట్సుబో కావచ్చునని. వారు చూచిన టాకోట్సుబో రోగులలో 91 శాతమున కీ గుఱుతు కానవచ్చెను. పిదప కొన్ని దినములకు టీ తరంగము లోతుగా తలక్రిందగును; క్యూటీ వ్యవధి సాగును. అయినను గీత సూచనయే గాని తీర్పు కాదు. తీర్పు చెప్పునది ధమనులను చూపు ఆంజియోగ్రాము.

మెదకు పట్టణమునుండి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. గుండెపోటైనచో గడచు ప్రతి నిమిషమును కండరమును చంపును. కావున దూరపు ఊళ్ళలో రక్తపుగడ్డను కరిగించు మందు ముందుగా నిచ్చెదరు. టాకోట్సుబోయందు కరగవలసిన గడ్డ లేదు. ఆ మందువలన రక్తస్రావభయము మాత్రము మిగులును. చేత కాగితము పట్టుకొని నిలిచిన చిన్న యూరి వైద్యుని సంకట మిది. సందేహమున్నంతవఱకు గుండెపోటనియే యెంచి నడచుట క్షేమమని మా తలంపు. టాకోట్సుబో మాత్రము నిరపాయమా? పై పరిశీలనలో నూటికి నలుగురు ఆసుపత్రిలోనే మరణించిరి. పెక్కుమంది గుండె కొన్ని వారములలో తేఱుకొనును.

శవము లేచువఱకు ఆగుదమనక 108కు ఫోను చేయవలయును. రోగి పాత ఈసీజీ కాగిత మింట నున్నచో దానిని గూడ వెంట గొనిపోవలయును; క్రొత్తగీతను దానితో పోల్చి చూచుటకు వైద్యునకు వీలగును.